మేకుల పట్టీ

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో రెండు కుక్కలు కొండ ఎక్కుతాయి, ఒకటే దిగుతుంది. కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇక్కడే ఆగిపోయినా నేనేమీ అనుకోను.

రెండింటిలో పెద్దది లాబ్రడార్. పేరు డైరెక్టర్.

కస్తూరి మామగారు సదాశివరావు కేంద్ర ప్రభుత్వంలో జీవితమంతా ఫైళ్ళు నడిపి, డైరెక్టర్ కాకుండానే రిటైరయ్యారు. కుక్కని మాత్రం నేరుగా ఆ పోస్టులో వేసుకున్నారు.

అత్తగారు పోయాక ఆయన నోరు విప్పేది వాడి దగ్గరే. అదీ తెలుగులోనే. ఢిల్లీలో తల నెరిసినా, గడప లోపల హిందీ పలకకూడదని ఆయన పంతం.

రెండోది చట్నీ. కస్తూరి ఢిల్లీ మునిర్కాలో అద్దె గదిలో ఉండి చదువుకునేటప్పుడు మెట్ల కింద దొరికిన వీధి కుక్క. పెళ్ళయ్యాక ఆమెతోపాటే గుర్గావ్ ఫ్లాటుకి వచ్చేసింది. దానికి హిందీ తప్ప రాదు.

మామగారు దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆ మే నెలలో కరెంటు పోతూనే ఉంది, ఇన్వర్టర్ చేతులెత్తేసింది. డైరెక్టర్ బాత్రూం గచ్చు మీద పడి రొప్పుతున్నాడు.

"నాలుగు రోజులు కొండల్లో తిప్పుకు రండి," అన్నారు మామగారు. మోకాళ్ళ నొప్పులతో తను రాలేరు.

కారు తలుపు దగ్గర, కొడుకుతో కాదు, కోడలితో చెప్పారు.

"వాణ్ణి జాగ్రత్తగా తీసుకురామ్మా."

"అలాగే మామయ్యగారూ."

లాన్స్‌డౌన్ దాటాక రోడ్డు సన్నబడింది. ఒక మలుపులో టీ కొట్టు. కొట్టు ముసలాయన కుక్కల్ని చూసి, లోపలికి వెళ్ళి మెడకి కట్టే ఒక ఇనుప పట్టీ తెచ్చాడు. చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన మేకులు.

"ఇక్కడ బాఘ్ తిరుగుతుంది బేటీ," అన్నాడు హిందీలో. "కుక్కని ముందు గొంతే పట్టుకుంటుంది. ఇది మా షేరూది."

"షేరూ ఏమయ్యాడు?"

"ముసలితనంతో పోయాడు."

అంతకన్నా గ్యారంటీ ఏముంటుంది. కాకపోతే పట్టీ ఒకటే ఉంది.

కస్తూరి భర్త రఘునందన్ ఇంకో ఆలోచన లేకుండా డైరెక్టర్ మెడకి కట్టాడు.

"నాన్న ప్రాణమంతా వీడే. చట్నీకేంలే, మునిర్కాలో పెరిగింది."

"మునిర్కాలో పులుల్లేవు."

"మీ ఓనరాంటీ ఉండేదిగా."

కస్తూరి నవ్వింది. రఘు నీళ్ళు పట్టుకురావడానికి కొట్టు వెనక్కి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది.

డైరెక్టర్ లావుపాటి వాడు. కారు పక్కనుంచి కదలడు. చట్నీ అలా కాదు, ఆకు కదిలినా పరిగెడుతుంది. లెక్క సరిగ్గానే ఉందనుకుంది.

పట్టీ విప్పి చట్నీకి కట్టింది.

రఘు రాగానే చెబుదామనుకుంది. అతను పాత పాటేదో కూనిరాగం తీస్తూ వచ్చి కారు స్టార్ట్ చేశాడు. చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా టైరు పంచరైంది.

ఒక పక్క లోయ, ఇంకో పక్క పైన్ చెట్లు. రఘు డిక్కీలోంచి జాకీ తీస్తుంటే కస్తూరి వెనక తలుపు తెరిచింది. చట్నీ దిగి ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుంది. కొత్త చోటికి బెదిరినట్టుంది.

కదిలింది డైరెక్టరే. చల్లగాలికి ప్రాణం లేచొచ్చినట్టుంది, తోక ఊపుకుంటూ, కుక్కపిల్లలా, చెట్లలోకి పోయాడు.

"డైరెక్టర్, ఇటు రారా," అని పిలిచింది.

వాడు ఆగి వెనక్కి చూశాడు. తెలుగు అర్థమైంది వాడికి.

తర్వాత బట్ట చిరిగినట్టు ఒక్క చప్పుడు. అంతే.

రఘు జాకీ రాడ్డు పట్టుకుని, అరుస్తూ, చెట్లలోకి పరిగెత్తాడు. ఎండిన పైన్ ఆకుల మీద ఈడ్చుకెళ్ళిన జాడ ఉంది, తడిగా. కొంతదూరం పోయాక బండలు మొదలయ్యాయి. జాడ లేదు.

తిరిగొచ్చి టార్చి వేశాడు. వెలుగు ముందు కస్తూరి మొహం మీద పడింది. అక్కణ్ణుంచి కిందకి దిగి చట్నీ మెడ మీద ఆగింది.

చాలాసేపు ఆగింది.

తర్వాత టార్చి ఆర్పేసి, చీకట్లోనే టైరు బిగించాడు.

కారు గుర్గావ్ వైపు తిప్పి, వస్తున్నామని మాత్రం ఇంటికి ఫోన్ చేశాడు. దారి పొడుగునా చట్నీ వెనక సీట్లోంచి ఆమె భుజం మీద తల పెడుతూనే ఉంది. మేకులు గుచ్చుకుంటున్నా ఆమె జరగలేదు.

మామగారు లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నారు.

"మా డైరెక్టర్ గారేరీ?"

రఘు చెప్పాడు. ఆయన గోడకి చెయ్యి ఆనించుకుని విన్నారు. చూపు చట్నీ మెడ దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి?"

"పులి పట్టుకోకుండా కడతారు నాన్నా. ఒకటే దొరికింది."

"దీనికి ఎవరు కట్టారు?"

కస్తూరి నోరు తెరిచింది.

"నేనే," అన్నాడు రఘు. ఆమె వైపు చూడలేదు.

ఆయన నెమ్మదిగా లోపలికి నడిచారు. వంటింట్లో డైరెక్టర్ స్టీలు పళ్ళెం మూత పెట్టి ఉంది. పెరుగన్నం, పొద్దున్నే కలిపినట్టున్నారు. మోకాళ్ళు పట్టుకుని వంగి దాన్ని నేల మీద పెట్టారు.

"రా. అన్నం తిను," అన్నారు.

చట్నీ కదల్లేదు. కస్తూరి వైపు చూసింది.

ఆయన పళ్ళెం దాని వైపు జరిపారు.

"ఆజా బేటా," అన్నారు. "ఖా లే."

చట్నీ వెళ్ళింది. తల వంచి తింటుంటే మేకులు పళ్ళేనికి తగిలి చప్పుడవుతున్నాయి. అన్నం అయిపోయేదాకా ముగ్గురూ అక్కడే నిలబడి ఆ చప్పుడు విన్నారు.