ముందు వెళ్ళినావిడ

"ఆగండాగండి! ఇదేమన్నా మీ సొంత బండా, వచ్చి ఎక్కేయడానికి? ఇక్కడ లైనుంది!"

కండక్టరమ్మ గొంతుకి క్యాన్సర్ ఆసుపత్రి స్కాన్ గది బయట వరండా అంతా మోగిపోయింది. పదహారేళ్ళు సిటీ బస్సులో జనాన్ని సర్దిన గొంతు మరి.

తలుపు దాకా వెళ్ళిన పెద్దావిడ వెనక్కి తిరిగింది. మనిషి పుల్లలా ఉంది. చూపు మాత్రం సూటిగా ఉంది.

"నన్నేనా అమ్మాయ్?"

"మిమ్మల్నే! క్రితంసారీ ఇంతే. పొద్దున్నే వచ్చి, ఖాళీ కడుపుతో నేను పడిగాపులు కాస్తుంటే మీరు తిన్నగా లోపలికి పోయారు. ఎవరి అండ చూసుకుని?"

"నాకు నేనే అండ," అని నవ్విందావిడ. "ఆ గొంతు దాచుకో. నీ గడ్డ మీద అరుద్దువుగాని."

"నా సంగతి మీకెందుకు? ముందు లైన్లోకి రండి!"

ఆవిడ రాలేదు. లోపలికి పోయి తలుపేసుకుంది.

"ఒట్టి మొండిఘటం!" అంది కండక్టరమ్మ, తానేదో మెత్తని మనిషైనట్టు.

మూడో రోజు డాక్టరమ్మ గదిలో కూర్చున్నప్పుడు కూడా ఆ కోపం చల్లారలేదు. అసలైతే ఆమె మంచి మాట వినాలని వచ్చింది. రెండు డోసులకే రొమ్ములో గడ్డ సగానికి తగ్గింది. చేతికే తెలుస్తోంది.

"మందు మార్చాలమ్మా," అంది డాక్టరమ్మ.

"తగ్గుతుంటే మార్చడమేంటండీ? జుట్టు పోయింది, నోటికి రుచి పోయింది, పళ్ళ బిగువున భరించాను. మళ్ళీ మొదటికొస్తే నావల్ల కాదు. చచ్చినా మార్చను!"

"చావకూడదనే మార్చమంటున్నా."

డాక్టరమ్మ కంప్యూటర్ ఆమె వైపు తిప్పింది.

"ఒక స్కాను గడ్డ ఎంతుందో చెబుతుంది. ఇంకోటి అది బతికుందో లేదో చెబుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. మీది చిన్నదైంది, నిజమే. కానీ మధ్యలో ఈ పసుపు చుక్క చూడండి. అది ఇంకా బతికే ఉంది, మందుకి లొంగట్లేదు."

"చుక్కే కదా! అదీ పోతుందిలెండి."

"మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం." డాక్టరమ్మ పక్కన ఇంకో వరస బొమ్మలు పెట్టింది. "ఇవి వేరేవాళ్ళవి. ఇదే రకం గడ్డ, ఇదే మందు. సైజు తగ్గిందని సంబరపడి మందు మార్చలేదు."

బొమ్మ బొమ్మకీ చుక్క పెద్దదైంది. ఆఖరి బొమ్మలో ఎముకల దాకా పాకింది.

కండక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మార్చండి. ఎంత గట్టి మందైనా ఇవ్వండి. అదో నేనో తేలిపోవాలి! ఇంతకీ ఎవరివండీ ఈ ఫొటోలు?"

"అడిగినవాళ్ళకి చెప్పమన్నారావిడే. మొన్న మీరు లైన్లోకి రమ్మని కేకలేశారటగా, ఆ పెద్దావిడవి."

కండక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మరి ముందెందుకు వెళ్ళారు?"

"మీ లైను వంతులు మొదలయ్యేది ఎనిమిదింటికి. ఆవిడ కోసం మావాళ్ళు గంట ముందే వచ్చేవాళ్ళు. ఎవరి వంతూ లాక్కోలేదమ్మా ఆవిడ."

"అయ్యో! ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"నిన్న పొద్దున పోయారు."

కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "పాపం, బతుకుతాననే ఆశతోనే కదా అంత ఓపిక చేసుకుని వచ్చింది!"

"ఆవిడకు మందులన్నీ ఆపేసి ఎనిమిది నెలలైందమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంక స్కాను అక్కర్లేదంటే, 'ఈ గడ్డ నన్ను ఏమార్చినట్టు ఇంకో ఆడదాన్ని ఏమార్చనివ్వను, నేను పోయేదాకా దాని ఫొటోలు తీస్తూనే ఉండండి' అని మాతో పోట్లాడి మరీ వచ్చేవారు."