ఎడ్నాకిచ్చిన మాట

ఈసారి కూడా తనిఖీలో తప్పితే విమానాన్ని మ్యూజియానికి ఇచ్చేద్దామని ఫ్లయింగ్ క్లబ్బు తీర్మానించింది. అక్కడ దాన్ని గొలుసులతో పైకప్పుకు వేలాడదీస్తారు. పక్కనే తనను కూడా వేలాడదీస్తే జత కుదురుతుందని ఐవర్ థర్ల్‌బీ అనుకున్నాడు.

ఐవర్‌కు డెబ్బై దాటాయి. విమానం అతనికన్నా పెద్దది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందూ వెనకా రెండు సీట్లు, పైన కప్పు లేదు. ఒకప్పుడు కుర్రాళ్లకు ఎగరడం నేర్పింది. తర్వాత పొలాల మీద మందు చల్లింది. చివరికి లింకన్‌షైర్‌లో ఒక రైతు కొట్టంలో కోళ్ల గూడయింది. ఐవర్ మొదటిసారి చూసినప్పుడు పైలట్ సీట్లో ఒక పెట్ట పొదుగుతోంది. ఆ సీట్లో తనకన్నా అదే నిబ్బరంగా కూర్చుందని అతను అందరికీ చెబుతాడు.

దాన్ని క్లబ్బు షెడ్డుకు తెచ్చి బాగుచేస్తూ పడుతున్న ఈ పాట్లన్నీ ఎడ్నా కోసం. పెళ్లైన కొత్తలో భార్యకు మాట ఇచ్చాడు, ఎప్పటికైనా పైకి తీసుకెళ్లి మన ఇంటి పొగగొట్టం చూపిస్తానని. ఎడ్నా నవ్వి సరేనంది. పాపం, అప్పటినుంచీ ఎదురుచూస్తూనే ఉంది.

రెక్కలకు నారగుడ్డ కుట్టింది కూడా ఆమే. ఆమె కుట్టులో ఎవరూ వంక పెట్టలేదు. తప్పులన్నీ ఐవర్‌వే. ఏటా వసంతంలో తనిఖీకి క్రాబ్‌ట్రీ వస్తాడు. ఏటా ఏదో ఒక నట్టుకు, అది ఊడిపోకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను ఉండదు. ఒక ఏడు తోక దగ్గర, ఇంకో ఏడు చక్రం దగ్గర. ఇది మరిచినవాడు ఇంకేం మరిచాడో, మొత్తం విప్పి చూసుకోండంటాడు క్రాబ్‌ట్రీ. విప్పి బిగించేసరికి వేసవి దాటిపోతుంది. చలికాలం విమానం పరుగెత్తాల్సిన గడ్డి మైదానమంతా బురద.

"ఒరేయ్ ఐవర్, పొద్దున ప్యాంటు వేసుకున్నావో లేదో ఓసారి కిందికి చూసుకో," అంటాడు స్నేహితుడు క్లెమ్.

ఐవర్ అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. ఇంటికెళ్లాక నవ్వు రాదు. అతని తండ్రి చివరి రోజుల్లో కన్నకొడుకు పేరే మరిచిపోయాడు. ప్రతి పిన్నూ తన చేత్తోనే గుచ్చినట్టు ఐవర్‌కు గుర్తు. ఆ గుర్తునే ఇక నమ్మలేకపోతున్నాడు. మళ్లీ తప్పు దొర్లితే పానా క్లెమ్ చేతిలో పెట్టి, ఎగిరే లైసెన్సు కూడా వాపసు ఇచ్చేద్దామని తేల్చుకున్నాడు.

ఎడ్నా మాత్రం ఒక్కమాట అనేది కాదు. తనిఖీ ముందు రోజు అందరికీ నిమ్మకాయ కేకు, టీ తెచ్చేది. రెక్కల గుడ్డ మీద మరకలు పడతాయని షెడ్డులో తిండి పెట్టరు. మగాళ్లంతా బయట గడ్డిలో కూర్చుని తినేవారు. ఆమె లోపలే ఉండి దారపు ముక్కలు ఊడ్చేది. టీ చల్లారిపోతోంది రమ్మని ఐవర్ కేకేస్తే, మీరు కానివ్వండి అనేది.

ఈ ఏడు ఆమె చెల్లెలు స్కార్‌బరోలో కాలు విరగ్గొట్టుకుంది. సాయానికి వెళ్లేముందు తనిఖీ ఎప్పుడని ఎడ్నా అడిగింది. నెలాఖరున, ఈలోపు వచ్చేస్తావులే అన్నాడు ఐవర్.

క్రాబ్‌ట్రీ చెప్పాపెట్టకుండా ముందే వచ్చాడు. కేకూ లేదు, టీ కూడా లేదు. ప్రతి నట్టునూ లాగి చూశాడు. రెక్క కింద వెల్లకిలా పడుకుని చూశాడు. చివరికి చేతులు తుడుచుకుని, "ఎగరొచ్చు," అన్నాడు. క్లెమ్ నమ్మలేక మళ్లీ చెప్పించుకున్నాడు. ఐవర్ తోక చాటుకెళ్లి ముక్కు తుడుచుకున్నాడు.

ఫోనులో ఎడ్నాకు చెప్పలేదు. రైలు దిగిన మనిషిని దిగినట్టే మైదానానికి తీసుకొచ్చాడు. క్లబ్బంతా వరసగా నిలబడింది. క్లెమ్ టై కూడా కట్టుకున్నాడు. ముందు సీట్లో ఆమెకోసం కొత్త తోలు టోపీ ఉంది.

"పాసైందా?" అంది ఎడ్నా మెల్లగా.

"ఒక్క పిన్ను కూడా మరవలేదు. నా బుర్ర ఇంకా పనిచేస్తోంది, ఎడ్నా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల ఎదురుచూపు కదా అనుకున్నాడు ఐవర్. రెక్క మీదికి ఎక్కించడానికి చెయ్యి అందించాడు.

"నీ బుర్రకెప్పుడూ ఏం కాలేదు, ఐవర్," అంది ఎడ్నా, నేల మీదనుంచి కాలు తీయకుండానే, "స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి నాకు, ఏటా మీరంతా బయట కేకు తింటుంటే ఆ పిన్నులు పీకింది నేనే."