అసలు డబ్బు

"వదినా, మన ఘెట్టో కాగితపు డబ్బు తీసుకుని అసలు జర్మన్ మార్కులిచ్చారు!" ఫైగా మొహం వెలిగిపోతోంది. "రేపు మమ్మల్ని పంపే ఊళ్ళో కొట్లే లేకపోతే అసలు డబ్బెందుకిస్తారు చెప్పు?"

ఆడపడుచు పెర్లా వింటూనే, పొద్దున, యూదుల్ని గోడల మధ్య బంధించిన ఆ ఘెట్టోలోని కుట్టుశాలకు లారీలో వచ్చిన పాత కోట్లలో ఒకదాన్ని తిరగేసి అంచు విప్పుతోంది.

"పోయిన నెల మీ తమ్ముడు అక్కడికి వెళ్ళేప్పుడు కుట్టావే, అలాగే నా కోటంచులోనూ నోట్లు పెట్టి కుట్టు. ఆయన ఈపాటికి సగం తాగేసుంటాడు!"

పెర్లా చేతిలో కత్తెర ఆగింది. అంచుకి ఎర్ర దారం, తన చేతి కుట్టు. తమ్ముడి కోటు. లోపల మార్కులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"కుట్టవా వదినా?"

పెర్లా ఆ కోటును ఒళ్ళో అదిమిపెట్టుకుంది.

"ఎక్కడైనా దాక్కో ఫైగా. అక్కడ కొట్లు లేవు."