సుందర్‌రాజు పెట్టె

“సాయంత్రంకల్ల ఆ పెట్టె నా ఇంట్ల ఉండొద్దు,” అన్నాడు రాబిన్.

హన్నా కుట్టుమిషన్ ఆపింది గానీ తల ఎత్తలేదు. అటక మీదున్న ఆ రేకుపెట్టె ఆమె మొదటి భర్త సుందర్‌రాజుది. ఆయన పోయిన కొన్నేళ్లకు రాబిన్‌ను చేసుకుని, కూతురు ఎల్సీని వెంటబెట్టుకుని పటేల్‌గూడలోని ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమె సామానుతో పాటు అదీ వచ్చింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఈ మూడేళ్లలో రాబిన్ ఆ పెట్టెను ఒక్కసారి కూడా ముట్టలేదు. పౌరుషం అడ్డొచ్చింది.

మామూలుగా మొగుళ్లు బతికున్నవాళ్లను చూసి కుళ్లుకుంటారు. మన రాబిన్ చచ్చిపోయిన మనిషిని చూసి కుళ్లుకుంటున్నాడు. అదీ రాచెట్ పానాల కోసం!

బొల్లారం ఫ్యాక్టరీలో ఫిట్టరు పని అతనిది. డ్యూటీ దిగితే చాలు, ప్రాణమంతా పాత రాచెట్ల మీదే. ఒకవైపు తిప్పితే బోల్టు బిగించి, వెనక్కి తిప్పితే కిరకిరమంటూ ఊరికే తిరిగే ఆ పానాల్లో అరవై ఏళ్ల కిందటిది దొరికిందంటే అతనికి పండగే. కిరోసిన్‌లో రెండు రోజులు నానేస్తాడు. ఇత్తడి బ్రష్షుతో తుప్పు రాలుస్తాడు. అక్షరాలు అరిగిపోతాయని గరుకు ఎమరీ పేపరును మాత్రం దగ్గరికి రానివ్వడు. కంపెనీ ముద్ర, పిడి మీది గీతలు, పేటెంటు నంబరు చూసి ఫలానా ఏడాదిదని తేల్చి, నోట్‌బుక్కులో ఎక్కిస్తే తప్ప నిద్రపట్టదు.

పెళ్లయిన కొత్తలో హన్నా తన కుట్టుపని డబ్బులతో, పానాలు బిగించి పట్టుకునే వైసు ఒకటి కొనిచ్చింది. రాబిన్ ఆ రోజే దాన్ని మోసుకెళ్లి షాపులో తిరిగిచ్చేశాడు. ఎల్సీ చదువుకు దాచుకునే పైసలు తన ఇనుప పిచ్చికి తగలేస్తే ఊరుకోనని గట్టిగా చెప్పాడు. హన్నా చిన్నబుచ్చుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఒక తుప్పుపట్టిన రాచెట్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. “పెట్టెల ఉన్నది, ఎల్సీ వాళ్ల డాడీది. ఊకెనే పడి ఉండుడెందుకు, మీరన్న బాగు చేసుకోండ్రి,” అంది.

ఆ రోజు రాబిన్ సంబరపడ్డాడు. తర్వాత ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత మరోటి. అక్కడ రాజుకుంది అసలు మంట. అన్నం తింటూ, ఫలానా రకం దొరికితే బాగుండునని అతను నోరు జారితే చాలు, నెలా రెండు నెలల్లో అది సుందర్‌రాజు పెట్టెలోంచి దిగేది. పొట్టి పిడిది కావాలన్నాడు, దిగింది. తల వంగేది కావాలన్నాడు, అదీ దిగింది. తను కలలుగన్న ప్రతి పానానూ ఆ మహానుభావుడు ఎప్పుడో సంపాదించి దాచుకున్నాడన్నమాట! హన్నా ముందు ఆయనకే దక్కింది, రాచెట్లూ ముందు ఆయనకే దక్కాయి. తనకు మిగిలిందల్లా ఆయన ఎంగిలేనని రాబిన్ లోలోపల ఉడికిపోయేవాడు.

బయటా అదే గతి. పటాన్‌చెరులో పాత ఇనుము కొనే చిన్నరాములు దగ్గరికి ఎప్పుడు పోయినా, మంచిదొకటి వచ్చిందనీ నిన్ననే ఎవరో పట్టుకుపోయారనీ అంటాడు. ఎవరని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఆ కనిపించని మనిషిని కూడా రాబిన్ రోజుకోసారి తిట్టుకుంటాడు.

నిన్న పన్నెండోది వచ్చింది. పొడుగు పిడిది. పోయిన నెలంతా అతను కలవరించింది అదే. ఇచ్చేటప్పుడు హన్నా అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. తనను ఆయనతో పోల్చి చూసుకుంటోందని రాబిన్ రాత్రంతా దొర్లాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఇదిగో, ఈ గొడవ.

“ఆ పానాల మీద మీకేం పగ?” అంది హన్నా.

“పానాల మీద కాదు. యాడ జూసినా నాకంటే ముందు ఆయనే ఉంటున్నడు. ఆయన ఎన్క నడుసుడు ఇగ నాతోని కాదు.”

హన్నా ఏదో చెప్పబోయింది. అతని మొహం చూసి మానుకుంది. “పెట్టె మా అక్క ఇంట్ల పెట్టొస్త. పానాలు మీ ఇష్టం, తీస్కపోండ్రి,” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ కన్నీళ్లు కూడా ఆయన కోసమేననుకున్నాడు రాబిన్.

పదకొండు రాచెట్లు గోనెసంచిలో వేసి బండికి కట్టాడు. చిన్నరాములు కాటా మీద పడేసి వస్తే పీడ విరగడవుతుంది. పన్నెండోది కూడా వేయబోయి ఆగాడు. అమ్మేసేదైనా సరే, ఏ ఏడాదిదో తేల్చకుండా పంపడానికి చేతులు రాలేదు. గడప మీద కూర్చుని, గడ్డకట్టిన గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడవసాగాడు. కంపెనీ ముద్ర బయటపడింది. 1961 నాటిది, మేలిరకం. కడుపు మరింత మండింది.

తిరగేసి తుడిస్తే పిడి చివర ఇంకో ముద్ర తగిలింది. ఇంతకుముందు వచ్చినవాటి మీద ఇలాంటిది లేదు. ఫ్యాక్టరీ స్టోర్లలో పనిముట్టు ఇక పనికిరాదని తీసేసేటప్పుడు, దాని మీద ఒక ఇంటూ గుర్తూ ఆ ఏడాది అంకెలూ అచ్చు పంచితో కొడతారు. ఆ దెబ్బ పడ్డాకే అది గేటు దాటి పాత ఇనుము కొట్టుకు చేరుతుంది.

ఏ ఏడాది పాత ఇనుములో కొట్టేశాడో ఆ అదృష్టవంతుడు సుందర్‌రాజు, అనుకుంటూ రాబిన్ బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఇంటూ గుర్తు పక్కన 2024 అని ఉంది.

సుందర్‌రాజు చనిపోయింది 2016లో.