దానికేటి మిగుల్తాది?

గేటు బార్లా తెరిచి ఉంది.

క్లోవర్ గడ్డి మడిలో ఒక ముసలాయన వంగి ఉన్నాడు. పక్కన ఖాళీ నూనె డబ్బా.

నీలవేణి సైకిలు దిగకుండానే గొంతు హెచ్చించింది. "తాతా, ఏం కోస్తున్నావక్కడ?"

ఆయన నడుము పట్టుకుని మెల్లగా లేచాడు. చేతుల్లో ఏమీ లేదు. పాదాలకు మాత్రం తడిమట్టి.

"ఏటీ కొయ్యనేదమ్మా. ఏటి గడ్డి ఇది? ఆవుందేటి మీకు?"

ఆవు లేదు. ఉన్నది పరిశోధన.

రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఖాళీ పడిన ఆ క్వార్టరు పెరట్లో, రైల్వేవారి అనుమతితో ఆమె క్లోవర్ వేసింది. సోయాలో దొరికే ఐసోఫ్లేవోన్ల జాతి పదార్థాలు ఈ గడ్డిలోనూ ఉంటాయి. సోయా పని ముగిసింది. ఫాల్గుణం వెళ్ళేలోగా క్లోవర్ పూస్తే సిద్ధాంత వ్యాసమూ ముగుస్తుంది. ఎండిందా, ఏడాది శ్రమ మట్టిపాలు.

ఆమెకు ఆదివారమే తీరిక. అందుకే పక్క క్వార్టరు సింహాచలమ్మ పిన్ని కుళాయి దగ్గర నుంచి మడి దాకా చిన్న కాలువ తవ్వింది. మడి ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది, కాలువను మళ్ళీ చూసే పనే పడలేదు.

ఇది దేనికి పనికొస్తుందని ముసలాయన అడిగాడు.

ఒంటిమీద పాత ఖాకీ చొక్కా చూసి, వర్క్‌షాపు మనిషికి తెలిసే మాటల్లోనే చెప్పింది. ఇనుముకు తుప్పు పట్టినట్టే ఒంట్లోనూ ఒక తుప్పు ఉంటుంది. ఈ ఆకులోని పదార్థం తనలోది కొంత ఇచ్చేసి దాన్ని ఆపగలదేమోనని తాను చూస్తోంది.

ఆయన వంగి ఒక ఆకును వేలితో నిమిరాడు.

"తనది ఇచ్చేత్తే, మరి దానికేటి మిగుల్తాది?"

నీలవేణి నవ్వేసింది. ఇకమీదట లోపలికి రావద్దని మెత్తగానే చెప్పింది. ఆయన తలూపి, మూలనున్న ఎండుపొద వైపొకసారి చూసి, డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు.

ఆ తలూపు మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంట్లో ఏ మేకలో ఉంటే, పచ్చగడ్డిని చూసి ఊరుకుంటాడా? గేటుకు తాళం వేసింది.

మరుసటి ఆదివారానికి క్లోవర్ తల వాల్చేసింది.

కాలువ బీటలు వారి ఉంది. నీలవేణి పిన్ని దగ్గరికి పరుగెత్తి, ఈ వారం కుళాయి రాలేదా అని అడిగింది.

"ఈ వారమేటమ్మా? పైపు పగిలి నెలయింది. మేమే వీధి కుళాయి కాడికెల్తన్నాం."

"మరి మడికి నీళ్ళు?"

"ఆ ముసలాయన మోసేవోడు గదా. నువ్వే పన్లో పెట్టుకున్నావనుకున్నాను. గేటుకి తాళం పడ్డాక, డబ్బా అట్టుకుని నిలబడి నిలబడి ఎల్లిపోనాడు."

ఆ రోజంతా నీలవేణి వీధి కుళాయి నుంచి బిందెలు మోసింది. సాయంత్రానికి భుజాలు పడిపోయాయి. కొంత ఎండింది, కొంత బతికింది. ఆ బతికినదే పూసింది.

ప్రయోగశాలలో ఆ ఆకు రసం చుక్క చుక్కగా వేస్తుంటే, గాజు గొట్టంలోని ముదురు ఊదా రంగు వెలిసి వెలిసి లేతపసుపుగా మారింది. తుప్పును ఆపే గుణం ఆకులో ఉన్నట్టే; పరీక్ష నెగ్గింది. ఆమెకు ముందుగా గుర్తొచ్చినవి తడిమట్టి అంటిన ఆ పాదాలే.

సందేశ్ మిఠాయి పొట్లం కట్టించుకుని వచ్చి, ఆయన ఇల్లు ఎక్కడని పిన్నిని అడిగింది.

"అప్పలకొండ బావా? కూతురికి రూర్కెలా బదిలీ అయితే మొన్ననే ఆల్లతో ఎల్లిపోనాడు. ఎల్తా ఎల్తా, పాప గడ్డి బతికిందా అనడిగినాడు."

పొట్లం చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరూ మడి దగ్గరికి నడిచారు. కనీసం ఆయన పేరున ఇక్కడొక మొక్కయినా నాటుతానంది నీలవేణి. చోటు కోసం మూలనున్న ఎండుపొదను పట్టుకుని లాగబోయింది.

సింహాచలమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. గోటితో కొమ్మ మీద గీరి చూపించింది. లోపల సన్నగా పచ్చదనం.

"పీకకమ్మా, ఇంకా పేనముంది. రిటైరయ్యేదాకా ఈ ఇల్లు ఆయనదే. ఈ మల్లి ఆయన పెళ్ళాం నాటింది. ఆవిడ పోయినకాడ్నించీ దీనికి నీల్లొయ్యడానికే అంత దూరం ఖరిదా పేట నుంచి రోజూ వచ్చేవోడు. మొయ్యగలిగింది ఒక్క డబ్బాయే గదా, ఆ నెలంతా దాన్ని నీ గడ్డికే పోసినాడు."