ఇరవయ్యారో పేజీ

"పెనుగంచిప్రోలు పెళ్లి ఆల్బమ్ చేసింది నువ్వేనామ్మా?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన అడిగాడు. మాసిన గడ్డం, నలిగిన పంచె, చేతిలో గుడ్డసంచి.

లహరి కంప్యూటర్ మీంచి తల తిప్పింది.

"నేనే. నందిగామ స్టూడియో నుంచా?"

"ఆఁ, అక్కణ్ణుంచే వస్తున్నానమ్మా."

సతీష్‌బాబు పంపిన మనిషన్నమాట! లహరికి ఒళ్లు మండింది.

జగ్గయ్యపేటలో ఇంట్లోనే కూర్చుని, స్టూడియోల వాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసిపెడుతుంది లహరి. నందిగామ సతీష్‌బాబు మూడు ఆల్బమ్‌లు చేయించుకుని పదకొండు వేలు బాకీ పడ్డాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు వేసేస్తా చెల్లెమ్మా" అనేవాడు. ఆ రేపు రాక రెండు నెలలైంది. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. ఇక్కడ చూస్తే కంప్యూటర్ వాయిదా రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే కంప్యూటర్ పట్టుకుపోతామని ఫైనాన్స్ వాళ్లు చెప్పి వెళ్లారు.

అందుకే మూడోదైన పెనుగంచిప్రోలు ఆల్బమ్ నుంచి ఒక నియమం పెట్టుకుంది. డబ్బు పడేదాకా పెళ్లివాళ్లు చూసుకోవడానికి మాత్రమే పేజీలు పంపుతుంది. ప్రతి ఫొటోకీ అడ్డంగా తన పేరు, ఫోన్ నంబరు పెద్ద పెద్ద అక్షరాలతో వేస్తుంది.

"ఇరవయ్యారో పేజీ ఒక్కటి చాలమ్మా. మొహం మీద అక్షరాల్లేకుండా. ఆదివారంలోపు కావాలి."

"డబ్బులు తెచ్చారా?"

"ఆల్బమ్ డబ్బులు స్టూడియోలో..."

"స్టూడియో కబుర్లు నాకొద్దు పెద్దాయనా! చెల్లెమ్మా అని పిలిస్తే నా వాయిదా తీరుతుందా? మూడు ఆల్బమ్‌ల డబ్బూ నా చేతిలో పడాలి. అప్పుడే ఫొటో. ఆదివారమైనా అంతే, ఆ పై ఆదివారమైనా అంతే."



"మొత్తం ఎంతమ్మా?"

"పదకొండు వేలు."

తలూపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దేవుడి దగ్గర దీపం పెట్టి తల్లి భారతీదేవి బయటికొచ్చింది.

"ఎవరే ఆయన? ఎండన పడి వచ్చినట్టున్నాడు, మంచినీళ్లన్నా ఇచ్చావా?"

"బాకీ ఎగ్గొట్టేవాళ్ల మనిషికి మంచినీళ్లు కూడానా?"

"బాకీ ఆయనది కాదుగదే."

"నీకు ఎవర్ని చూసినా జాలేనమ్మా. నా మీద తప్ప!"

చేసిన కష్టానికి డబ్బు అడగడం తప్పా? కాదుగా! అయినా ఆ పూట లహరికి అన్నం సహించలేదు.

మంగళవారం మళ్లీ గుమ్మంలో అలికిడి.

గుడ్డసంచి చూసి గుర్తుపట్టింది గానీ, లేకపోతే పోల్చుకునేదే కాదు. నున్నటి గుండు. మీసం కూడా లేదు.

"లెక్క చూసుకోమ్మా" అంటూ ఆయన సంచిలోంచి నోట్ల కట్ట తీశాడు.

సరిగ్గా పదకొండు వేలు. లహరి గొంతు మెత్తబడింది.

"కూర్చోండి బాబాయిగారూ. తిరుమలగిరిలో మొక్కు తీర్చుకొచ్చారా?"

"లేదమ్మా."

"రసీదు ఎవరి పేరున రాయమంటారు?"

ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"బాకీ స్టూడియోదేగా. వాళ్ల పేరే రాయి తల్లీ."

జేబులోంచి కొత్త పెన్‌డ్రైవ్ తీసి రెండు చేతులతో అందించాడు. పేజీ నంబరు చూసి లహరి ఇరవయ్యారోది అందులో వేసింది. తెరిచి చూడలేదు. మిగతా ఫైళ్లన్నీ స్టూడియోకి పంపేసింది.

"ఆదివారం కావాలన్నారు. మరి ఆ పని?"

"అయిపోయిందమ్మా. అక్షరాలున్నదే పెట్టి కానిచ్చేశాం."

పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకుని, దాని మీద చెయ్యి అలాగే ఆనించుకుని మెట్లు దిగాడు.

"చూశావా అమ్మా, గట్టిగా ఉంటే ఎలా దిగొచ్చారో!" అంది లహరి.

భారతీదేవి వీధి మలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

పదిరోజులకు లహరి ఫోన్ మోగింది. సతీష్‌బాబు పదకొండు వేలు వేసినట్టు మెసేజ్!

వెంటనే ఫోన్ చేసింది.

"మళ్లీ వేశారేంటన్నయ్యా? మీ పెద్దాయన తెచ్చిచ్చారుగా!"

"నా దగ్గర పెద్దాయన ఎవరున్నారు చెల్లెమ్మా? నేనెవర్నీ పంపలా. అప్పులాళ్లకి దొరక్కుండా షాపు మూసుకుని తిరుగుతున్నా ఇన్నాళ్లూ."

"మరి పెనుగంచిప్రోలు ఆల్బమ్‌లో పేజీ కావాలని..."



"వాళ్ల మొహం ఎట్టా చూడాలో తెలీటల్లేదు చెల్లెమ్మా. ఆల్బమ్ డబ్బులు మొత్తం ముందే కట్టేశారు. నేనే వాడేసుకున్నా. పెళ్లికూతురి తల్లి బసవమ్మగారు పోయారంట. పెద్దకర్మకి ఫొటో కావాలని ఒకటే ఫోన్లు. ఆవిడ సరిగ్గా పడింది ఆ ఒక్క ఫొటోలోనేనంట. అప్పటికి నా దగ్గర ఫైలుంటేగా ఇవ్వడానికి?"

లహరి ఫోన్ పక్కన పెట్టింది. ఇరవయ్యారో పేజీ తెరిచింది.

అక్షరాలున్న పేజీయే తెరుచుకుంది.

కన్యాదానం. పీటల మీద భార్యాభర్తలు. అల్లుడి కాళ్లకు నీళ్లు పోస్తూ బసవమ్మ నవ్వుతోంది. ఆ నవ్వుకు అడ్డంగా లహరి పేరు, లహరి ఫోన్ నంబరు.

పక్కనే వంగి కాళ్లు కడుగుతున్న భర్త మొహం మాత్రం స్పష్టంగా ఉంది: రెండు రోజులు కూర్చుని తాను ముడతలు చెరిపి, మీసం నల్లగా దిద్దిన ఆ మొహమే, తన గుమ్మంలో రెండుసార్లు నిలబడి వెళ్లిన పెద్దాయనది.