అనుమానయానం

"ఇంజెక్షన్ పనిసెయ్యట్నేదు, గబగబా రా" అని శ్యామ్‌ప్రసాద్ ఫోన్లో అరిచింది తన మెకానిక్ సోమారు కోసం.

గట్టు మీద పోయేవాళ్ల చెవిన పడింది ఇంజెక్షన్ ఒక్కటే.

కాసేపటికి నర్సు శాంతిప్రియ సంచీతో రొప్పుతూ వచ్చింది.

"పేషెంటు ఎక్కడండీ?"

"అదిగో, రెక్కలున్నావిడ."

రైల్వేలో రిటైరై, రాష్ట్రం దాటొచ్చి అడవి అంచున దోర్నపాల్‌లో గ్యారేజీ పెట్టుకున్న శ్యామ్‌ప్రసాద్, ఊరి బయట బీడులో షెడ్డు వేసి, పాత కారు ఇంజను తెచ్చి సొంతంగా కట్టుకున్న బుల్లి విమానం అది.

"సూదిమందు కాదమ్మా. సూదిబెజ్జమంత కన్నంలోంచి ఇంజన్లోకి పెట్రోలు సిమ్మాల. సరిగ్గా సిమ్మట్నేదు. ఒకటే దగ్గు."

"దగ్గుకయితే నా దగ్గర సిరప్పే ఉంది" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

శ్యామ్‌ప్రసాద్‌కి నవ్వు రాలేదు. శుక్రవారం ఆఫీసరు వస్తాడు. ఆయన ఎదుట ఇంజను అరగంట ఆగకుండా తిరిగితే ఎగరడానికి అనుమతి కాగితం కదులుతుంది. ఆగిందా, షెడ్డు ఎత్తేయాలి.

ఫిల్టరు మార్చాడు. పెట్రోలు చిమ్మే నాజిళ్లు కడిగాడు. కొత్త పంపు వేశాడు. అయినా ఇంజనుది ఒకరోజు రాగం, ఒకరోజు రోగం.

సోమారు చెల్లెలి పెళ్లికని చింతలనార్ వెళ్లిన మర్నాడు, తెల్లారీ తెల్లారకముందే శ్యామ్‌ప్రసాద్ షెడ్డుకొచ్చాడు.

విమానం పొట్ట కింద ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ట్యాంకు అడుగు కుళాయి తిప్పాడు. దోసెడు పెట్రోలు నేల మీదికి వదిలాడు. కుళాయి కట్టేసి, తడిసిన మట్టిని అరచేత్తో నిమిరాడు.

విమానం కంటే ముందు అనుమానం ఎగిరింది.

"ఏటి సేస్తన్నావు?"

ముసలాయన తన దోర్లీ భాషలో ఏదో చెప్పి, నేలను చూపించి నవ్వాడు. శ్యామ్‌ప్రసాద్‌కి నవ్వొక్కటే అర్థమైంది, అదీ తప్పుగా.

"పో. ఇంకోపాలి ఇక్కడ కనిపించావా, పోలీసులకి సెప్తాను."

పోలీసులనే మాట ఏ భాషలోనైనా పోలీసులే. ముసలాయన ఒక్కసారి నేలకేసి చూసి, మెల్లగా అడవిదారి పట్టాడు.

"పెట్రోలు దొంగేటండీ?" అంది ఇంట్లో నూకాలమ్మ.

"దొంగైతే డబ్బా తెచ్చుకుంటాడే. ఈడు నేలపాలు సేస్తన్నాడు. ఎవరో పంపిన మనిషి."

"ఎవరు పంపుతారు?"

"మనం ఎగిరితే గిట్టనోళ్లు."

"మనమింకా ఎగరనేదు కదండీ."

భార్య మాట గాలికొదిలి, కుళాయికి తీగ చుట్టి బిగించాడు. ఆ రోజు నుంచీ దగ్గు ముదిరింది. ముసలాడు ముందే ట్యాంకులో పంచదార పోసి ఉంటాడని, పైమూతిలోంచి వేలు ముంచి నాకి చూసుకున్నాడు. తీపి తగల్లేదు గానీ అనుమానం మాత్రం చేదెక్కింది.

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. ఊరూ వచ్చింది. ఇంజను అందుకుంది, పాడింది, దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పితే మళ్లీ ఆగింది.

"చూశాను. షెడ్డు తీసేయండి" అని ఆఫీసరు హిందీలో చెప్పి జీపెక్కాడు.

దుమ్ము అణిగాక శ్యామ్‌ప్రసాద్ తీగ తెంపి, ట్యాంకు ఖాళీ చేద్దామని కుళాయి కింద గాజుసీసా పెట్టాడు.

సీసాలో అడుగున నీళ్లు. పైన పెట్రోలు.

రోడ్డు పక్క సీసాల్లో కొన్న కల్తీ పెట్రోలు. నీళ్లు అడుక్కి దిగుతాయి, పంపు ముందు వాటినే లాగుతుంది. ముసలాయన పొద్దున్నే వదిలేస్తున్నవి ఆ నీళ్లే. ఆయన వచ్చిన రోజు రాగం, రాని రోజు రోగం.

పెళ్లి నుంచి అప్పుడే దిగిన సోమారు చెయ్యి పట్టుకున్నాడు శ్యామ్‌ప్రసాద్.

"పొద్దున్నే షెడ్డుకొచ్చి కుళాయి తిప్పే ముసలాయన ఇంజన్లు తెలిసినోడేటి?"

"హిడ్మా తాతనా? ఆయన బస్సు గూడ ఎక్కడు సార్."

"మరి ఆ కుళాయెందుకు తిప్పేవాడు?"

"మేం ఇప్పసారా తాగేముందు నేలకు ఇంత పోస్తం గదా, పోయిన పెద్దోళ్లకు. మీ బండి తాగుతాంది గని పోస్తలేదు. దాని బదులు తాత పోసిండు."

నర్సమ్మా, నూకాలమ్మా, ఊళ్లోవాళ్లూ దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"బండికి పెద్దలెక్కడున్నారు?"

"బండికి లేరు సార్. ఈ నేలల ఉన్నరు. తాత అమ్మనాయనలను ఇక్కడ్నే మట్టి చేసిండ్రు."

"ఇది సర్కారు బీడని సర్పంచి సెప్పాడే."

సోమారు తల దించుకున్నాడు.

"తాతెక్కడ? నేనెళ్లి పిలుస్తాను."

"మీరు పోలీసులంటిరంట గదా. కూతురింటికని శబరి నది దాటిపోయిండు. ఇగ రానన్నడంట."

శ్యామ్‌ప్రసాద్ అడవిదారి కేసి రెండడుగులు వేశాడు. సోమారు మళ్లీ అన్నాడు.

"మీరు షెడ్డు ఏసిననాడే తాత దున్నుడు బంద్ చేసిండు సార్, ఈ చేను ఆయనదే, మీ బండిని మంచిగ ఎగరనియ్యండ్రని అమ్మనాయనలను బతిమాలనీకె వస్తుండె."